వేయని వార్తకు సాక్ష్యం ఏది?

1963 మే 20న అమెరికాలోని మిసిసిపి రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో డబ్ల్యూఎల్‌బీటీ అనే లోకల్ టీవీ స్టేషన్ నల్లజాతి నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌కు 17 నిమిషాలు ఇచ్చింది. ఇష్టపడి ఇచ్చింది కాదు. మేయర్ టీవీలో తన వాదన చెప్పుకున్నాక, జవాబు చెప్పే అవకాశం కావాలని ఎవర్స్ పట్టుబట్టి సాధించుకున్నది. మరో 23 రోజులకు ఎవర్స్‌ను ఇంటి ముందే కాల్చి చంపారు.

అరవైల్లో టీవీ వల్లే పౌరహక్కుల ఉద్యమం దేశమంతటికీ తెలిసిందని అంటుంటారు. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పిల్లల మీదికి వదిలిన పోలీసు కుక్కలు గుర్తొస్తాయి. నిజమే, కానీ అది దేశమంతటికీ కార్యక్రమాలు అందించే పెద్ద నెట్‌వర్కుల కథ. ఆ నెట్‌వర్క్ కార్యక్రమం ఊళ్లో కనిపించాలంటే లోకల్ స్టేషన్ ఒప్పుకోవాలి. 1955లో ఎన్‌బీసీ నెట్‌వర్క్‌లో నల్లజాతి లాయర్ తర్గుడ్ మార్షల్ వస్తుంటే ఇదే స్టేషన్ ప్రసారం ఆపేసి, 'సారీ, కేబుల్ ట్రబుల్' అని బోర్డు పెట్టింది. దాని పరిధిలోని జనంలో దాదాపు 45 శాతం నల్లజాతివారు.

తప్పుడు వార్త వేస్తే పట్టుకోవచ్చు. వేయని వార్తను ఎలా పట్టుకుంటాం? అప్పట్లో ప్రసారమైనది చాలావరకు గాలిలో కలిసిపోయేది. ఎవరెట్ పార్కర్ అనే చర్చి అధికారి దీనికి దారి కనిపెట్టాడు. 1964 మార్చిలో వారం రోజులు కొందరు వాలంటీర్లు ఇళ్లలో టీవీ ముందు కూర్చుని, ఎవరు కనిపించారో, ఎవరికి ఎంతసేపు దక్కిందో రాసుకున్నారు. వాళ్లకు ప్రమాదం రాకూడదని పేర్లు రహస్యంగా ఉంచారు. నా దృష్టిలో ఆ దశాబ్దపు అసలైన జర్నలిజం ఆ కాగితాల్లోనే ఉంది.

ఆ లెక్కలతో స్టేషన్ లైసెన్సు మీద ఫిర్యాదు చేస్తే, ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ప్రేక్షకులకు ఆ హక్కే లేదంది. వ్యాపార నష్టమో, సిగ్నల్ అంతరాయమో ఉన్నవాళ్లే రావాలట! టీవీ కొనుక్కుని రోజూ చూసేవాడికి ఆ స్టేషన్‌తో సంబంధం లేదనడం ఎంత అన్యాయం! 1966లో అప్పీలు కోర్టు ఆ వాదనను కొట్టేసింది. అయినా ఎఫ్‌సీసీ మళ్లీ స్టేషన్ వైపే నిలబడింది. 1969లో అదే కోర్టు జడ్జి వారెన్ బర్గర్ ఆ లైసెన్సునే రద్దు చేశారు.

పాత యాజమాన్యం 1971 దాకా కదల్లేదు. మరుసటి ఏడాది విలియం డిల్డే అనే నల్లజాతీయుడు, ఎవర్స్ 17 నిమిషాల కోసం పోరాడిన అదే స్టేషన్‌కు జనరల్ మేనేజర్ అయ్యాడు.