చత్వారంపై నా అభ్యంతరాలు

ఈ వ్యాసం చత్వారం వచ్చినవారి కోసం కాదు. చత్వారం వచ్చిందని ఇంట్లోవాళ్ళు పుకారు పుట్టించినవారి కోసం. ఈ రెండు వర్గాలకూ ఉన్న తేడాను ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ గుర్తించలేదు. నేను రెండో వర్గానికి చెందినవాణ్ణి. నా కళ్ళకు ఏమీ కాలేదు. ఎదురింటి డాబా మీద ఆరేసిన చీర అంచు ఏ రంగో మా వరండాలో కూర్చుని చెప్పగలను. (చెప్పినందుకు ఒకసారి మాట పడ్డాను కూడా.) బస్సు మలుపు తిరగగానే దాని నంబరు చదవగలను. ఆ బస్సు ఎక్కాక చేతిలో పెట్టిన టికెట్టు మీద ఏముందో మాత్రం పక్క సీటాయనను అడగాలి. పాతిక గజాల అవతల ఉన్నది కనిపిస్తూ, చేతిలో ఉన్నది కనిపించకపోతే తప్పు కళ్ళదా, చేతిలో ఉన్నదానిదా? మీరే తీర్పు చెప్పండి.

అసలు ఆ పేరుతోనే నాకు పేచీ. నలభైని సంస్కృతంలో చత్వారింశత్ అంటారు. దాని తోక కత్తిరించి చత్వారం అన్నారు. జలుబును జలుబు అంటాం, తలనొప్పిని తలనొప్పి అంటాం. మనిషి వయసునే పేరుగా పెట్టుకుని తిరిగే బాధ ఇంకొకటి ఉందా? ‘ఆయనకు చత్వారం’ అంటే, ‘ఆయనకు నలభై దాటాయి, జుట్టుకు వేసిన రంగు చూసి మోసపోకండి’ అని ఊరంతా చాటింపు వేసినట్టే. పైగా కళ్ళజోడుకు సులోచనాలు అని ముద్దుపేరు. మంచి కళ్ళట. అంటే పుట్టుకతో వచ్చినవి చెడ్డవనేగా!

ఈ పుకారుకు మూలమైన సంఘటనను దాచకుండా చెబుతాను. కొన్నేళ్ళ కిందట వేసవిలో ఒక ఉదయం మా బావమరిది ఫోనులో సందేశం పంపాడు. ‘రాత్రికి పప్పు చేస్తున్నా’ అని చదివాను. బెంగళూరులో భార్యాపిల్లలతో ఉంటాడు, ఏనాడూ వంటింటి గడప తొక్కని మనిషి. ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందని సంతోషించాను. ప్రోత్సహించడం పెద్దవాడిగా నా ధర్మం కనుక ‘చాలా సంతోషం. మామిడికాయ వెయ్యి’ అని జవాబిచ్చాను. ఆ సాయంత్రం మేము ఒక పెళ్ళికి వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి రాత్రి పదకొండున్నర. మా గేటు ముందు మెట్ల మీద బావమరిది, ఆయన భార్య, నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు, మూడు పెట్టెలు, ఒక గోనెసంచీ వరుసగా ఉన్నాయి. ఆరుసార్లు ఫోను చేశాడట. పెళ్ళి బ్యాండులో ఎవరికి వినిపిస్తుంది?

నన్ను చూడగానే లేచి నిలబడి, ‘వెయ్యి మామిడికాయలంటే రైల్లో కష్టం బావగారూ, పాతిక తెచ్చాను. ఆవకాయకు సరిపోకపోతే ఇక్కడే కొందాం’ అన్నాడు.

నా భార్య ఆ ఫోను తీసుకుని వీధిదీపం వెలుతురులో చదివింది. ‘రాత్రికి వచ్చేస్తున్నా’ అని ఉంది. ఆమె ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దంలోనే నాకు చత్వారం వచ్చినట్టు నిర్ధారణ అయిపోయింది.

నా వాదన ఎవరైనా విన్నారా? లేదు. మన లిపి సంగతి చూడండి. ‘వ’కు తలకట్టు అంటుకుని ఉంటుంది, ‘ప’కు కాస్త ఎడంగా ఉంటుంది. ఆ ఎడం వెంట్రుకవాసి. ‘ప’ పొట్టలో గీత పడితే ‘ష’. ‘ద’ కింద ఇంత గీత పెడితే ‘ధ’, దాని కడుపులో చుక్క పెడితే ‘థ’. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక. ఇవి చాలవన్నట్టు కింద ఒత్తులు వేలాడుతుంటాయి. ఇంగ్లీషు అక్షరాలు కర్రల్లా నిలబడతాయి కనుక మసకబారినా పోల్చుకోవచ్చు. మన అక్షరాలు గుండ్రన. కాస్త అలికితే మొత్తం పేజీ పళ్ళెంలో పోసిన జంతికల్లా కనిపిస్తుంది. ఇంత అందమైన లిపిని ముంజేతి దూరంలో పెట్టుకుని చదవాలనుకోవడమే దురాశ. ఎడంగా పెట్టి ఆరాధించాలి. నేను అదే చేస్తున్నాను.

ముద్రించేవారి కుట్ర వేరే. ప్యాకెట్ల మీది వివరాల గురించి కేంద్రం 2011లో తూనికలు కొలతల నిబంధనలు చేసినప్పుడు, అక్షరం ఎత్తు ఒక మిల్లీమీటరుకు తగ్గకూడదని షరతు పెట్టింది. ఒక మిల్లీమీటరు! ఆవగింజ నయం. బిస్కెట్టు ప్యాకెట్టు మీద నవ్వుతున్న పాప మొహం అరచేయంత వేస్తారు, అందులో ఏం కలిపారో మాత్రం ఆవగింజ మీద రాస్తారు. మందుబిళ్ళల అట్ట మరీ ఘోరం. గడువు తేదీని సిరా కూడా లేకుండా వెండి రేకు మీద నొక్కి వదిలేస్తారు. ఆ అట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటు ఇటు తిప్పుతూ, దాని రేకును మెరిపిస్తూ నిలబడిన నన్ను చూసి, ఎదురింటివాళ్ళకు సైగలు చేస్తున్నానని అపార్థం చేసుకున్నవారున్నారు. చీర అంచు గొడవ తర్వాత ఇది నాకు మంచిది కాదు.

వైద్యులు చెప్పేది కూడా నా పక్షానే ఉంది. కంటి లోపలి కటకం పిల్లల్లో మెత్తగా ఉంటుంది. చుట్టూ ఉన్న కండరం బిగిస్తే ఉబ్బి దగ్గరి వస్తువును పట్టుకుంటుంది. పదేళ్ళ పిల్లవాడు ముక్కుకు ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉన్న అక్షరాన్ని కూడా చదివేస్తాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కటకం గట్టిపడుతుంది. నలభై దాటేసరికి దూరం 20, 25 సెంటీమీటర్లవుతుంది, అరవైకి చేతికి అందదు. అంటే ఇది నలభైలో ఊడిపడింది కాదు, పలకా బలపం పట్టిన రోజు నుంచీ జరుగుతున్నదే. ఒకటో తరగతి పిల్లవాణ్ణి వదిలేసి నన్నొక్కణ్ణే వేలెత్తి చూపడం పక్షపాతం కాదా?

పైగా మసకలో ఉన్న సుఖం కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకు తెలియదు. ఉగాదినాడు పంచాంగం తెరిచి, నా రాశికి ఆదాయం 8, వ్యయం 5, రాజపూజ్యం 6, అవమానం 3 అని చదువుకున్నాను. రెండోసారి పచ్చడి అడిగి వేయించుకున్నాను. నా భార్య తన కళ్ళజోడు నా ముక్కు మీద పెట్టి, మళ్ళీ చదవమంది. ఆదాయం 5, వ్యయం 8, రాజపూజ్యం 3, అవమానం 6. కళ్ళజోడు ముక్కు మీదికి వచ్చి నిమిషం కాలేదు, మూడు రూపాయల నష్టం, మూడు అవమానాలు అదనం. పెట్టుకోకపోతే ఆ ఏడాది గౌరవంగా వెళ్ళిపోయేది.

‘మరి ఉచితంగా ఇచ్చినప్పుడైనా తీసుకోవలసింది’ అంటారు మీరు. తెలంగాణలో ప్రభుత్వం ఉచితంగా కళ్ళు పరీక్షించే కంటి వెలుగు పథకం 2018 ఆగస్టు 15న మొదలైంది, 2023 జనవరిలో రెండో విడత వచ్చింది. మా వీధి చివరే శిబిరం పెట్టారు. కళ్ళు చూసి, చదువుకునే అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టారు. ఎదురింటాయన వెళ్ళాడు, మా ఇస్త్రీ అతను వెళ్ళాడు, పూలమ్మే ఆమె వెళ్ళి మూరను సరిగ్గా కొలవడం మొదలుపెట్టి మాకందరికీ నష్టం తెచ్చింది. నేను గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. ఆధార్ కార్డు అడుగుతున్నారు. దాని మీద నా పుట్టిన తేదీ ఉంది. దాన్ని మాత్రం వాళ్ళు ఎంతో స్పష్టంగా అచ్చువేశారు.

2024 ఆగస్టులో ఒక ఆశ కలిగింది. చత్వారానికి కంట్లో వేసుకునే చుక్కల మందుకు మన ఔషధ నియంత్రణ అధికారులు అనుమతి ఇచ్చారని వార్త. కంటిపాపను చిన్నది చేస్తే దగ్గరివి స్పష్టపడతాయి, అదీ కిటుకు. నేను ఈ సంగతి ఏ కంపెనీ చెప్పకుండానే కనిపెట్టాను. నేను కళ్ళు చికిలించేది అందుకే. ఏమైతేనేం, వేసుకున్న పావుగంటలో కళ్ళజోడు అక్కరలేదన్నంత ప్రచారం జరిగింది. సెప్టెంబరు సగం కాకుండానే, అనుమతికి మించి చెబుతున్నారంటూ దాన్ని నిలిపివేశారు. నెల రోజులు కూడా నిలవని ఆ చూపు కోసం నేను దుకాణంవాడికి ముందే చెప్పి ఉంచాను. ఇప్పటికీ కనిపిస్తే ‘ఆ చుక్కలు రాలేదు సార్’ అని నలుగురిలో గట్టిగా చెబుతాడు.

మా పెదనాన్న కథ ఇంకా విచారకరం. డెబ్బై ఎనిమిదో ఏట ఒక ఉదయం కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, వట్టి కళ్ళతో పేపరు చదివేశారు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. పొన్నగంటి కూర మహిమ అన్నారు కొందరు. పోయిన కంటిని తెచ్చేది కనుకే ఆ పేరు వచ్చిందని ఊళ్ళో నమ్మకం. ఆయన కూడా వచ్చినవారందరికీ చిన్న అక్షరాల ప్రకటనలు చదివి వినిపించేవారు. ఇంట్లో మూడు పూటలా అదే కూర. నాలాంటివాడు ఆశ పెట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆరు నెలలకు వీధిలో వస్తున్న సొంత అల్లుణ్ణి పాలవాడనుకుని ‘రేపటి నుంచి అరలీటరు చాలు’ అన్నారు. అల్లుడు అలిగి వెనక్కి వెళ్ళిపోయాడు. డాక్టరు చూసి శుక్లం అన్నారు. అది ముదిరేటప్పుడు కటకం నడిమధ్య చిక్కబడి, దూరపు చూపును మింగేస్తూ దగ్గరి చూపును కొన్నాళ్ళు తిరిగి ఇస్తుందట. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరూ డాక్టరు మాట నమ్మరు. కూరనే నమ్ముతారు. నేను కూడా వారానికి రెండుసార్లు తింటున్నాను.

నా భార్య ఆయుధాలు వేరు. అస్సాం తేయాకు తోటల్లో 751 మంది కూలీల మీద జరిగిన ఒక పరిశోధన గురించి ఆమె ఎక్కడో చదివింది. అందరూ నలభై దాటినవారే. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చిన బృందం, ఇవ్వని బృందం కంటే దాదాపు 22 శాతం ఎక్కువ ఆకు కోసిందని 2018లో ప్రచురించారు. ‘ఏమండీ, మీకు పెడితే పని ఎంత పెరుగుతుంది?’ అని అడిగింది. పెరగడానికి ముందు పనంటూ కొంత ఉండాలి కనుక ఆ లెక్క నాకు వర్తించదని చెప్పాను. ఆమె ఇంకేమీ అనకుండా, రెండు పవర్ అద్దాల్లోంచి సూదిబెజ్జాన్ని ఒక్క చూపు చూసి దారం ఎక్కించేసింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ వీధిలో ఆడుకుంటున్న నన్ను ఆపి, ‘ఒరేయ్, ఈ సూదిలో దారం ఎక్కించి పో’ అనేది. ఒక్క ఊపులో ఎక్కించి పారిపోయేవాణ్ణి. ఆవిడ ఆ సూదిని కళ్ళకు దూరంగా పట్టుకుని, ఎలా ఎక్కిందా అన్నట్టు చూస్తూ ఉండేది. అప్పుడు నవ్వాను. దాని వడ్డీ ఇప్పుడు కడుతున్నాను. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

గొప్పవాళ్ళకు ఈ బాధలు లేవు. విజయనగరంలో వ్యాసతీర్థులవారు 1520 ప్రాంతంలో కంటద్దాలతో గ్రంథం చదివినట్టు ఆయన చరిత్ర రాసిన సోమనాథకవి చెప్పాడు. శ్రీకృష్ణదేవరాయలు పూజించిన గురువు. ఆయన్ను ‘స్వామీ, వయసెంత?’ అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ రెండు జోళ్ళు మోయలేక అద్దాలను సగానికి కోయించి పైన ఒకటి, కింద ఒకటి బిగించుకున్నాడు. భోజనాల బల్ల దగ్గర కంచమూ కనిపిస్తుంది, ఎదుటివారి ముఖమూ కనిపిస్తుంది, దానివల్ల వాళ్ళ ఫ్రెంచి కూడా బాగా అర్థమవుతున్నదని 1785లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. మా బావమరిది సందేశం ఆయనకు వచ్చి ఉంటే తెలిసేది.

చివరికి, శాంతి కోసం మాత్రమే, నేను ఒక అడుగు వెనక్కి వేశాను. డాక్టరు దగ్గరికి కాదు. బస్టాండు బయట గొడుగు కింద కళ్ళజోళ్ళు అమ్మే అతని దగ్గరికి. అతని అట్టపెట్టెలో ఒక్కొక్క అద్దం మీద ఒక్కొక్క అంకె అంటించి ఉంది. ఏది నాదని అడిగితే, నా కళ్ళలోకి కూడా చూడకుండా, ‘వయసు చెప్పండి సార్, చాలు’ అన్నాడు. నలభైకి ఒకటి, నలభై అయిదుకు ఒకటిన్నర, యాభైకి రెండు, అలా లెక్క ఉందట. చత్వారం అనే పేరు పెట్టిన పెద్దమనిషి వంశంవాడే అయి ఉంటాడు. చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. వారిలో ఒకామె మా వీధే.

‘నలభై రెండు’ అన్నాను.

అతను నా జుట్టు వైపు ఒకసారి చూసి ఒకటింబావు తీసి ఇచ్చాడు. నూటయాభై రూపాయలు. నాకు నిండా యాభై ఒకటి. ఇంటికి వచ్చి పెట్టుకుని పేపరు పట్టుకున్నాను. చాచి ఉన్న చేయి మోచేతి దగ్గర కొంచెం వంగింది. నూటయాభైకి అంతే వంగుతుంది. ‘ఏమండీ, పెట్టుకుని కూడా అంత దూరంగా పట్టుకున్నారేం?’ అని నా భార్య అడిగింది. అలవాటు అన్నాను. వెనక్కి తీసుకెళ్ళి మార్చుకుందామంటే, వారం తిరగకుండా తొమ్మిదేళ్ళు ఎలా పెరిగాయని అతను అడిగితే ఏం చెప్పను?

నిన్న సాయంత్రం బావమరిది దగ్గర నుంచి మళ్ళీ ఏదో సందేశం వచ్చింది. కళ్ళజోడు పెట్టుకునే చదివాను. పప్పు సంగతే అనుకుంటాను. అయినా ఒక పెళ్ళికి నా భార్యను ఒక్కదాన్నే పంపి, గేటుకు తాళం వేయకుండా వరండాలో కూర్చున్నాను.