నలుపంతా ఎలుకలకేనా?

ధరలు పెరిగితే కమిటీ వేశారు. రోడ్ల మీద గుంటలు పడితే కమిటీ వేశారు. కమిటీ నివేదిక ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో తేల్చడానికి ఇంకో కమిటీ వేశారు. కానీ పాతికేళ్ల కుర్రాడి చెవి పక్కన మెరిసే తెల్ల వెంట్రుక గురించి మాత్రం ఈ రోజు దాకా ఒక్క కమిటీ లేదు, అసెంబ్లీలో ఒక్క వాయిదా తీర్మానం లేదు. చట్టసభల్లో డెబ్బై దాటిన తలలు కూడా నల్లగా నిగనిగలాడుతుంటాయి కాబట్టి, సమస్య వారి దృష్టికి వచ్చే వీలు లేకపోయిందని సరిపెట్టుకోవాలి.

సర్కారు వదిలేసిన ఈ బాధ్యతను మార్కెట్ భుజానికెత్తుకుంది. బాలనెరుపు అని ఫోన్లో ఒక్కసారి వెతికి చూడండి. సాయంత్రానికల్లా బిళ్లలు, పొడులు, గమ్మీలు, నీళ్లలో వేస్తే బుసబుసా పొంగే మాత్రలు మీ వెంటపడతాయి. డాక్టర్ల లెక్కలో ఆసియా వాళ్లకి 25 ఏళ్ల లోపు నెరిస్తేనే బాలనెరుపు. కానీ ఈ ప్రకటనలకి అంత పట్టింపు లేదు. మనవరాలికి చెవులు కుట్టించిన తాతగారిని కూడా బాలల జాబితాలో చేర్చుకునేంత విశాల హృదయం వాటిది.

నెరుపును మన పెద్దలు ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు. ముసలితనం తెల్ల వెంట్రుక వేషంలో దశరథుడి చెవి దగ్గరికొచ్చి, రాజ్యం రాముడికి అప్పగించవయ్యా అని గుసగుసలాడిందట. కైక వింటుందేమోనన్న భయంతో గుసగుసలాడిందని సంస్కృత కవి చమత్కారం. ఆ రోజుల్లో అయోధ్యకి జుట్టు బిళ్లల మూడు నెలల ప్యాక్ డెలివరీ సౌకర్యం ఉండుంటే ఏమయ్యేదో ఆలోచించండి. పట్టాభిషేకం మాటే లేచేది కాదు, కైక వరాలు మురిగిపోయేవి, రావణుడు హాయిగా పెన్షన్ తీసుకుంటూ ఉండేవాడు. ఒక్క సీసా లేకపోవడం వల్ల ఎంత గొడవ జరిగింది!

ఇళ్లలో పరిశోధన ఆగిందా అంటే అదీ లేదు. నల్లగా ఉన్నదేదైనా జుట్టుకి మంచిదే అన్నది మన వంటింటి మూలసూత్రం. నల్ల నువ్వులు, నల్ల ద్రాక్ష, నల్ల జీలకర్ర. ఈ సూత్రాన్ని మాడిన దోసెకి కూడా వర్తింపజేసిన ఇల్లాళ్లున్నారు, కాదన్న భర్తలు లేరు. ఉసిరి, గుంటగలగరాకు, మందార పువ్వు ఎలాగూ ఉన్నాయి. పార్కుల్లో పొద్దున్నే రెండు చేతుల గోళ్లు ఒకదానికొకటి రుద్దుకుంటూ నడిచే పెద్దమనుషులున్నారు. దూరం నుంచి చూస్తే ఏదో కుట్ర పన్నుతున్నట్టుంటారు గానీ పాపం, జుట్టు కోసమే. ఇక కరివేపాకు సంగతి. పులుసులో తేలితే వేలితో కంచం అంచుకి నెట్టేస్తాం. దాన్నే ఎండబెట్టి, దంచి, క్యాప్సూల్లో దూర్చి, సీసా మీద లాటిన్ పేరు రాస్తే వందలు పోసి కొని, భోజనం తర్వాత భక్తిగా మింగుతాం. కరివేపాకుకి ఇన్నాళ్లకి దక్కిన గౌరవం చూసి సంతోషించని తెలుగువాడు ఉండడు.

నా అసలు ఫిర్యాదు శాస్త్రవేత్తల మీద. వాళ్లు కనిపెట్టిన మంచి అంతా ఎలుకలకే పోతోంది.

మొదటి నుంచీ ఇదే వరస. రెండో ప్రపంచ యుద్ధం నాటి రోజుల్లో నల్ల ఎలుకలకి పాంటోథెనిక్ ఆసిడ్, అంటే బి5 విటమిన్, లేని తిండి పెట్టారు. బొచ్చు నెరిసింది. మళ్లీ బి5 పెట్టారు. నల్లబడింది. 1941లో పాబా అనే ఇంకో పదార్థంతో కూడా ఇలాంటి ముచ్చటే నడిచింది. పత్రికలు పండగ చేసుకున్నాయి. తర్వాత వాటినే మనుషులకిచ్చి చూస్తే కొన్నాళ్లు ఆశలు రేపి చివరికి చేతులెత్తేశాయి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. బి5 దొరకని తిండి దాదాపు ఉండదు. లేనివాడికి ఇస్తే పని చేసేది, ఉన్నవాడికి ఇస్తే మూత్రంలో పోతుంది. అయినా ఎనభై ఏళ్లు దాటినా జుట్టు బిళ్లల సీసాల మీద బి5 పేరు చెక్కుచెదరలేదు. ఆ ఎలుకలు పోయాయి, వాటి కీర్తి మాత్రం మన జేబులోంచి నడుస్తోంది.

2020లో హార్వర్డ్ వాళ్లు టెన్షన్‌కీ తెల్ల జుట్టుకీ సంబంధం తేల్చారు. మళ్లీ ఎలుకల్లోనే. మిరపకాయ మంటకి పెద్దన్నలాంటి రసాయనాన్ని ఎక్కించి నొప్పి పుట్టిస్తే, నరాల చివర్ల నుంచి నోరడ్రినలిన్ అనే రసాయనం ఒక్కసారిగా విడుదలై, రంగు కణాలను తయారుచేసే మూలకణాల నిల్వ కొద్ది రోజుల్లోనే ఖాళీ అయింది. గుంటూరు వాళ్లు కంగారుపడక్కర్లేదు, ఎలుకకి ఇంజెక్షన్ ఇచ్చారు, ఆవకాయ అన్నం పెట్టలేదు. 2023లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ మూలకణాలు వయసుతో పాటు వెంట్రుక కుదురులో ఒక మూల ఇరుక్కుపోయి కదలడం మానేస్తున్నాయన్నారు. అదీ ఎలుకల్లోనే. వినాయకుడి వాహనానికి ఢిల్లీలోనే గాక బోస్టన్‌లో కూడా పలుకుబడి ఉందని తేలిపోయింది.

మనిషికి కాస్త న్యాయం జరిగింది 2009లో. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలున్న బృందం, నెరిసిన వెంట్రుకల కుదుళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకుపోతోందని చూపించింది. పార్లర్లో బ్లీచింగ్‌కి వాడే సరుకే. దాన్ని విరగ్గొట్టాల్సిన కేటలేజ్ అనే ఎంజైము తగ్గిపోవడంతో జుట్టు తనను తానే లోపల్నుంచి బ్లీచ్ చేసుకుంటోందన్నమాట. ఆ మాట వినగానే వ్యాపారులకి మెరుపు మెరిసింది. కేటలేజ్ తగ్గిందా? అయితే కేటలేజ్ బిళ్ల మింగండి! ఇందులో తర్కం ఎంత పదునుగా ఉందంటే, కడుపు అనే అవయవం ఒకటుందని గుర్తుకొచ్చే అవకాశమే లేదు. కేటలేజ్ ఒక ప్రోటీన్. ముద్దపప్పుకి ఏ మర్యాద జరుగుతుందో దానికీ అదే జరుగుతుంది. అయినా మన బిళ్ల జీర్ణరసాలను తప్పించుకుని, రక్తంలో ఈదుకుంటూ పైకెక్కి, లక్ష కుదుళ్లలో నెరిసినవాటి ఇంటి నంబర్లు కనుక్కుని తలుపు తడుతుందని నమ్మడంలో ఒక కవిత్వం ఉంది. కవిత్వానికి రేటు కట్టకూడదు. కట్టారు, అది వేరే విషయం.

గమ్మీల సీసా ఒకటి తీసుకుని భూతద్దంతో చదివాను. ముందు వైపు నడుము దాటిన జడతో ఒక అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయేమో. నెరుపు తగ్గించే సీసా మీద నెరుపు ఎప్పుడూ చూడని పిల్ల ఎందుకో అడగకూడదు. వెనక వైపు స్ట్రాబెర్రీ రుచి, చక్కెర, 10,000 మైక్రోగ్రాముల బయోటిన్ అనే విటమిన్. మనిషికి రోజుకి కావాల్సింది 30, 40 మైక్రోగ్రాములు. అది గుడ్డులో, పల్లీల్లో వచ్చేస్తుంది. ఇడ్లీలోకి పల్లీ చట్నీ రెండోసారి వేయించుకునేవాడికి ఆ లోటు ఎక్కడిది? అన్నిటికంటే కింద, చీమ కూడా కళ్లజోడు పెట్టుకుని చదవాల్సినంత సైజులో, ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అని ఉంది. మందుగా వాడవద్దు. మరి ఎందుకు వాడాలో పైన అమ్మాయి జడ చెబుతోంది.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో జె షెడ్యూలు అని ఒకటుంది. ఫలానా రోగాలను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని అందులో జాబితా ఇచ్చారు. కేన్సర్, ఎయిడ్స్, గుడ్డితనం సరసన బట్టతల, జుట్టు రంగు మార్చడం కూడా ఉన్నాయి. తెల్ల వెంట్రుకకి కేన్సర్‌తో సమాన హోదా ఇచ్చిన దేశం మనది. దీనికి వ్యాపారులు వెతుక్కున్న దారి చూస్తే మన బుర్రల మీద గౌరవం పెరుగుతుంది. మందు అంటేనే కదా ఆ షెడ్యూలు? ఇది మందు కాదు, ఆహారం. నెరుపును పోగొడుతుందని ఎక్కడన్నాం? జుట్టు సహజ వర్ణాన్ని ‘సపోర్ట్’ చేస్తుందన్నాం. అంటే బయటి నుంచి మద్దతు. ప్రభుత్వం నిలబడితే మా వల్లే, పడిపోతే మాకేం సంబంధం?

ఈ వ్యాపారానికి నష్టం కలిగించే విషయం ఒకటి చెప్పక తప్పడం లేదు. తెల్ల జుట్టు నిజంగానే వెనక్కి తిరిగే సందర్భాలున్నాయి. బి12 బాగా తగ్గితే, థైరాయిడ్ అదుపు తప్పితే, అరుదుగా రాగి అనే ఖనిజం లోపిస్తే జుట్టు నెరవచ్చు. లోపం సరిచేస్తే కొందరికి తిరిగి నల్లబడుతుంది. రంగు తయారీకి కావాల్సిన టైరోసినేజ్ అనే ఎంజైముకి రాగి లేనిదే చేయి ఆడదు. అది నువ్వుల్లో, జీడిపప్పులో, కాలేయంలో దొరుకుతుంది. బి12 మొక్కల్లో దొరకదు. మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగు లాంటివాటిలోనే ఉంటుంది. అందుకే శాకాహారులకి లోటు ఎక్కువ. దానికి తోడు మన ఇళ్లలో పొద్దున్నే ఒక సంప్రదాయం నడుస్తోంది. పళ్లు తోముకోగానే పరగడుపున గ్యాస్ ట్యాబ్లెట్, టిఫిన్ కాగానే షుగర్ ట్యాబ్లెట్. ఆసిడ్ తగ్గించే గ్యాస్ బిళ్ల గానీ, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ గానీ ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్ డాక్టరు రాసిందే, మానేయమని నేననడం లేదు. కానీ గ్యాస్ ట్యాబ్లెట్ డాక్టరు రెండు వారాలకి రాస్తే మనం పదేళ్లు కొనసాగిస్తాం. మందుల షాపు బాబాయి చీటీ కూడా అడగడు. ఆ రెండు బిళ్లలూ మింగి, వాటి పైన జుట్టు గమ్మీ నమిలి, బి12 పరీక్ష చేయించుకోండి అంటే ‘రక్తం తీస్తారా, అమ్మో’ అనేవాళ్ల ఆత్మవిశ్వాసానికి నా నమస్కారం.

పైగా పరీక్షకి వెళ్లినా గమ్మీ ఊరుకోదు. బయోటిన్ ఎక్కువ మోతాదులో తీసుకుంటే థైరాయిడ్, గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ లాంటి రక్తపరీక్షలు తప్పు చూపించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. అంటే నెరుపుకి అసలు కారణం థైరాయిడ్ అయితే, నెరుపు కోసం తిన్న గమ్మీయే ఆ దొంగని పట్టుబడకుండా కాపాడుతుంది. ఇంతకంటే నమ్మకమైన సపోర్ట్ ఇంకేం కావాలి?

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లి, 1940లలో తన బృందంతో ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్ సాధించింది, తిన్నది ఒంటికి పట్టని స్ప్రూ జబ్బుతో, రక్తహీనతతో పోతున్న మనుషుల కోసం. సొంత అన్నదమ్ములే ఆ స్ప్రూకి బలైపోయారు. ఆయన అంత కష్టపడిన సరుకు ఈ రోజు స్ట్రాబెర్రీ గమ్మీలో ఎలుగుబంటి ఆకారంలో కూర్చుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రోటీన్ పొడులు మానుకోమని, పప్పు, కూరగాయలు, పాలు తినమని చెప్పింది. ఆ సంస్థకి యాడ్ ఏజెన్సీ లేదనుకుంటా.

‘ఎక్కువైతే నష్టమేముందిలే, విటమినే కదా’ అనే ధైర్యవంతులకి ఒక శుభవార్త. జింకు అతిగా తింటే ఒంట్లో రాగి తగ్గిపోతుంది, రాగి తగ్గితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. సెలీనియం అతిగా తింటే జుట్టు రాలుతుంది. 2008లో అమెరికాలో ఒక సప్లిమెంట్‌లో లేబుల్ మీద ఉన్నదానికి దాదాపు 200 రెట్లు సెలీనియం పడి, తాగినవాళ్లలో చాలామందికి జుట్టు ఊడింది. నెరుపుకి అంత శాశ్వతమైన పరిష్కారం ఇంకొకటి లేదు. విటమిన్ ఎ మోతాదు మించితే కూడా అదే తోవ.

సందేహజీవులకి నేనొక పరీక్ష సూచిస్తున్నాను. ఖర్చు లేదు, రక్తం తీయరు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. బయటికొచ్చిన వెంట్రుక జీవం లేనిది, ఏం తిన్నా దాని రంగు మారదు. కాబట్టి మూడు నెలల ప్యాక్ నిజంగా పని చేస్తే మాడు దగ్గర మూడు సెంటీమీటర్లు నలుపు, అక్కడి నుంచి కొస దాకా తెలుపు ఉండాలి. రంగు వేసుకునేవాళ్లకి సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది, పండగ ముందు ఏ సెలూన్‌లోనైనా చూడొచ్చు. ఇప్పుడు ప్రకటనల్లో ‘ముందు, తర్వాత’ ఫోటోలు చూడండి. తర్వాత ఫోటోలో జుట్టు మాడు నుంచి చివర దాకా ఒకే నలుపు! తొంభై రోజుల్లో నడుము దాకా కొత్త జడ మొలిచిందంటే అది నెరుపు కంటే పెద్ద ఆవిష్కరణ. దాన్ని వదిలేసి నెరుపు గురించి మాట్లాడుతున్న కంపెనీ వినయం మెచ్చుకోదగ్గది.

చివరగా ఆశాజనకమైన సంగతి, ఈసారి మనుషుల మీదే. 2021లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 14 మంది వెంట్రుకలను అతి సన్నగా, ముక్క ముక్కగా పరిశీలించారు. కొన్ని తెల్ల వెంట్రుకలు వాటంతటవే మళ్లీ నల్లబడినట్టు తేలింది. ఒకాయనకి సెలవులకి వెళ్లిన రోజుల్లో ఐదు వెంట్రుకలు రంగు తిరిగాయి. సప్లిమెంట్ కాదు, సెలవు! నేను వెంటనే లెక్క కట్టాను. తల మీద లక్ష వెంట్రుకలు, అందులో సగం నెరిశాయనుకుంటే యాభై వేలు. సెలవుకి ఐదు చొప్పున పది వేల సెలవులు. పరిశోధన వివరాలు జతచేసి, జీతంతో కూడిన పది వేల సెలవులు మంజూరు చేయవలసిందిగా ఆఫీసులో హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను. మర్నాడే జవాబొచ్చింది. ఉద్యోగుల ఆరోగ్యం తమకి అన్నిటికంటే ముఖ్యమట. సెలవు కుదరదు గానీ, వెల్‌నెస్ పథకం కింద గమ్మీల సీసా పంపుతున్నారట.