అడ్మిన్లకు మాత్రమే నోరుంది

మా వీధి కొళాయి వాట్సాప్ గ్రూపులో 43 మందిమి ఉన్నాం. పోయిన సోమవారం నుంచి నలుగురు అడ్మిన్లకే మాట్లాడే హక్కు, మిగతా 39 మందికి వినే భాగ్యం.

నేరం నాదే. "ఇవాళ నీళ్ళు ఎన్నింటికండీ?" అని అడిగేశాను. నీళ్ళ గ్రూపులో నీళ్ళ ఊసెత్తడం ఎంత మర్యాద తక్కువ పనో ఆ క్షణాన తట్టలేదు. పెద్ద అడ్మిన్‌గారు పది నిమిషాలు టైప్ చేస్తూ కనిపించారు. కబురొస్తుందని బిందె తోముకుని కూర్చున్నాను. వచ్చింది: "గ్రూపు క్రమశిక్షణ పాటించాలి." కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. ఆ వెంటనే తాళం.

మా విజయనగరం పైడితల్లి జాతరలో పూజారి ఎక్కి ఊరేగే సిరిమానుకు ఏ చింతచెట్టు కావాలో అమ్మవారే పూజారి కలలో చెబుతుందంటారు. ఈయన ఏ కల వచ్చి పైకెక్కారో!

జబ్బు పాతదే లెండి. 1988లో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ ఐఆర్‌సీ అనే ఇంటర్నెట్ కబుర్ల ప్రోగ్రాము రాసినప్పటి నుంచీ ఉంది. అక్కడ గ్రూపుని ఛానెల్ అంటారు, అడ్మిన్‌ని ఆపరేటర్ అంటారు. ఖాళీ ఛానెల్లో ముందు అడుగుపెట్టినవాడే ఆపరేటర్, పేరుకి ముందు అట్ గుర్తు కిరీటం. కోపమొస్తే కిక్, అంటే బయటికి గెంటడం; ఇంకా కోపమొస్తే బ్యాన్, అంటే మళ్ళీ రానివ్వకపోవడం. మా వీధి తాళాన్ని అక్కడ 'ప్లస్ ఎం' అంటారు. మూడు లాంతర్ల దగ్గర నెట్ సెంటర్లో గంటకింత అని డబ్బులిచ్చి మరీ గెంటించుకున్న తరం మాది.

అసలు వేడుక నెట్‌స్ప్లిట్. రెండు సర్వర్ల మధ్య లింకు తెగితే ఛానెల్లో సగంమంది మాయమైపోయేవారు. దీనికోసమే కాచుకుని కూర్చునే మహానుభావులుండేవారు. తెగిన వైపు ఛానెల్ ఖాళీ అయితే చాలు, దూరిపోయి ఆపరేటర్ అయిపోవడం, లింకు అతుక్కోగానే అసలువాళ్ళని బయటికి నెట్టడం. ఈ గోల పడలేక సర్వర్లకు ఒక బుద్ధి నేర్పారు: రెండు వైపులా ఛానెల్ ఎప్పుడు పుట్టిందో పోల్చి చూసి, పాతవైపే పెత్తనం ఉంచాలి.

ఆ లెక్కన మా వీధి ఆపరేటర్ మూలింటి మామ్మగారు. కొళాయి పడకముందు నుంచీ ఉన్నారు. అడ్మిన్‌గారు అద్దెకు దిగి రెండేళ్ళు.

2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ యాజమాన్యంతో పడక, దాన్ని నడిపే వాలంటీర్లు బయటికొచ్చి లిబెరా చాట్ పెట్టుకున్నారు. లిబెరా పేరు టాపిక్‌లో, అంటే ఛానెల్ నెత్తిన ఉండే వాక్యంలో, రాసుకున్న ఛానెళ్ళని వందల్లో లాగేసుకుంది పాత యాజమాన్యం. జనం లేచి చక్కా పోయారు. వాళ్ళకి ఇంకో సర్వర్ ఉంది. మాకు ఇంకో కొళాయి ఏదీ?

మామ్మగారికి స్మార్ట్‌ఫోన్ లేదు. "ఏటి నాయినా, నీల్లెప్పుడొత్తాయో నీ ఫోన్లో సూడు" అని నన్నే అడుగుతారు. బుధవారం తెల్లారగట్ల నాలుగింటి నుంచి గుమ్మంలో బిందెలు పెట్టుకుని కూర్చుని, ఏడింటికి విసిగి లోపలికెళ్ళారు. ఏడుంపావుకి నీళ్ళొచ్చి ఇరవై నిమిషాల్లో ఆగిపోయాయి. నీళ్ళు వదిలే కుర్రాడు ముందే ఫోన్ చేసి చెప్పాడట అడ్మిన్‌గారికి. ఆయన మోటారు వేసుకుని సంపు నింపుకున్నారు. ఒక్క ముక్క గ్రూపులో పెడితే వేళ్ళరిగిపోతాయా? డెబ్భై ఏళ్ళ మనిషి వీధి చివరి బోరింగు దగ్గర్నుంచి బిందె మోసుకొస్తుంటే మేడ మీంచి చూస్తూ కాఫీ తాగడానికా నీకు అడ్మిన్ పదవి?

క్షమించాలి. క్రమశిక్షణ తప్పాను.

నిన్న అడ్మిన్‌గారు మౌనం వీడి, ప్రపంచ జల దినోత్సవ శుభాకాంక్షలు తెలిపారు. మాట్లాడలేం గానీ, రియాక్షన్లకు ఇంకా తాళం పడలేదు. బిందె బొమ్మ కోసం చాలాసేపు వెతికాం. లేదు. బకెట్ ఉంది. ఇప్పటికి 26 బకెట్లు పడ్డాయి.