ముందు సంతకం, తర్వాతే దాడి

క్యాంపస్‌లోకి ఎవడైనా ఆయుధంతో చొరబడితే ఏం చేయాలో మన బెజవాడ కాలేజీలకు ఒకరు నేర్పనక్కర్లేదు. గేటు దగ్గర రిజిస్టరుంది, దానికి దారంతో కట్టిన పెన్నుంది. పేరు, ఫోన్ నంబరు, ఎవరి కోసం వచ్చారు, వచ్చిన టైము: ఈ నాలుగు గళ్లూ నింపి సంతకం పెట్టనిదే దుండగుడు అడుగు ముందుకేయలేడు. పెన్ను రాయకపోతే వాచ్‌మన్ ‘పర్లేదు, వెళ్లండి సార్’ అంటాడనుకోండి, అది వేరే సంగతి.

ఇవన్నీ అమెరికా గొడవలు, మనకెందుకు అనేవాళ్లున్నారు. 2004లో ఈ ఊళ్లోనే ఒక విద్యార్థినిని తరగతి గదిలో నరికి చంపారు.

2007లో అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీలో కాల్పులు జరిపినవాడు, లోపలివాళ్లు బయటపడకుండా నోరిస్ హాల్ అనే తరగతుల భవనం తలుపులకు కట్టడానికి గొలుసులు తనే మోసుకొచ్చాడు. గూడవల్లి, నిడమానూరు వైపు హాస్టళ్లకు వచ్చేవాడికి ఆ బరువు లేదు. పిల్లలు సెకండ్ షోకి గోడ దూకకుండా గ్రిల్ గేటుకు యాజమాన్యమే తాళం వేసి ఉంచుతుంది. తాళంచెవి వార్డెన్ జేబులో, వార్డెన్ టీ కొట్టు దగ్గర. ఆ నోరిస్ హాల్లోనే ప్రొఫెసర్ లివియు లిబ్రెస్కు తలుపుకు అడ్డంగా నిలబడితే విద్యార్థులు కిటికీల్లోంచి దూకి బయటపడ్డారు. మన కిటికీలకు ఇనుప ఊచలున్నాయి. కాళ్లు విరుగుతాయన్న భయమే లేదు.

పారిపోయే దారి లేనప్పుడు గదిలో చేరి లోపల గడియ పెట్టుకోవాలి, లైట్లార్పాలి, తలుపు సందులోంచి కనబడని గోడవార కింద కూర్చోవాలి. మన తరగతి గదులకు గడియ బయట ఉంటుంది. లోపల పెడితే పిల్లలు చెడిపోతారట. తలుపు బయటికి తెరుచుకునేదైతే బల్లలు అడ్డం పెట్టినా లాభం లేదు, అవతలివాడు లాగితే వచ్చేస్తుంది. హ్యాండిల్‌కు చున్నీయో బెల్టో కట్టి లోపల్నుంచి బిగబట్టాలి. హ్యాండిల్ ఊడి చాలా కాలమైంది, ఇండెంట్ పెట్టారు.

ఫోన్లు వైబ్రేషన్ కూడా రాకుండా సైలెంట్‌లో పెట్టాలన్న నియమాన్ని మాత్రం మనంత నిష్ఠగా ఎవరూ పాటించరు. అన్నీ ఆఫీసు బీరువాలోనే ఉంటాయి. 112కి ఫోన్ చేసి ఏ బ్లాకు, ఎన్నో అంతస్తు, చేతిలో ఏముందో చెప్పే పని ఏ.ఓ. (పరిపాలనాధికారి) గారిది. ఆయన డీన్‌ని అడగాలి, డీన్ చైర్మన్‌ని అడగాలి, చైర్మన్ గారు హైదరాబాద్‌లో ఉంటారు.

ఇక గంట. మెస్సుకీ, స్టడీ అవర్‌కీ, మంటలకీ ఒకటే గంట. 2018లో అమెరికాలోని పార్క్‌లాండ్ స్కూల్లో కాల్పుల మధ్య ఫైర్ అలారం మోగితే పిల్లలు వరండాల్లోకి వచ్చేశారు. మంటలైతే బయటికి రావాలి, దుండగుడైతే రాకూడదు. కాబట్టి గంట కొట్టకుండా ‘బి బ్లాకు రెండో అంతస్తులో కత్తితో మనిషి, గదుల్లోంచి కదలొద్దు’ అని మైకులో తెలుగులో చెప్పాలి. మైకు ఆడిటోరియంలో ఉంది, ఫ్రెషర్స్ డే నాడే బయటికి తీస్తారు.

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో పారాసిటమాల్, కాస్త దూది ఉన్నాయి. రక్తం ధారకట్టినప్పుడు దూది అద్దితే ఏమవుతుంది? మందపాటి గుడ్డతో గట్టిగా అదిమిపట్టాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు. చేయో కాలో అయ్యుండి అప్పటికీ ఆగకపోతే, గాయానికి రెండు మూడంగుళాల పైన, కీలు మీద పడకుండా వెడల్పాటి పట్టీ కట్టి, కర్ర దూర్చి, రక్తం ఆగేదాకా మెలిపెట్టి, కట్టిన టైము రాసిపెట్టాలి.

మాక్ డ్రిల్ కూడా తప్పకుండా ఉంటుంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అయ్యాక, వేసవి సెలవుల్లో పెడతారు. క్యాంపస్ మూడు నిమిషాల్లో ఖాళీ అయిందని రిపోర్టు రాయాలంటే అదొక్కటే అనువైన సమయం.