వర్ణసంకరం: ఒక గాజుతొట్టె ఆందోళన

"కులం ఎక్కడుందండీ ఈ రోజుల్లో?" అనే పెద్దమనుషుల హాల్లో అక్వేరియం ఉంటే, కొండాపూర్ అయినా కూకట్‌పల్లి అయినా సరే, ఒకసారి తొంగిచూడండి. ఎర్ర చెర్రీ రొయ్యలకు ఒక తొట్టె, బ్లూ డ్రీమ్ అనే నీలం రకానికి వేరే తొట్టె, పసుపువారికి మూడోది. వల కూడా ఎవరిది వారికే. వర్ణసంకరం గురించి కురుక్షేత్రంలో అర్జునుడు సైతం ఇంత బెంగపడి ఉండడు.

బెంగలో న్యాయం లేకపోలేదు. అందరూ నియోకారిడైనా డేవిడి అనే ఒక్క జాతివారే. వాగుల్లో ఉన్నప్పటి అసలు రంగు మట్టిగోధుమ. ఈ ఎరుపులూ నీలాలూ మనుషులు ఏరి ఏరి పెంచితే వచ్చినవి. ఎర్రదాన్నీ నీలందాన్నీ కలిపి ఊదారంగు మనవల కోసం ఎదురుచూడకండి. ఒకటి రెండు తరాల్లో తాతలే దిగుతారు, మట్టిరంగులో.

ఇక పెళ్లిచూపులు. చూసేది ఆడదాన్నే: వీపు నిండిందా, కాళ్లదాకా రంగు దిగిందా అని. మగది సన్నగా, వెలవెలబోతున్నా అడిగేవారు లేరు. (ఈ పద్ధతి రొయ్యలు కనిపెట్టింది కాదు.) కొట్లో నల్ల ఇసుక మీద నిగనిగలాడిన పిల్ల మీ ఇంటి తెల్ల గులకరాళ్ల మీద పాలిపోతే మోసం అనకండి. ఒంట్లోని రంగుకణాలు అడుగు నేలను బట్టి విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి. మీరూ నల్ల ఇసుకే వెయ్యండి.

వంశగౌరవం ధ్యాసలో పడి అందరూ మరిచేది నీళ్లు. మన బోరు నీళ్లలో మీటరు ముంచితే టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 800 కనిపించడం వింతేం కాదు. వీటికి 150 నుంచి 250 చాలు. ఆర్‌ఓ నీళ్లలో రొయ్యల మినరల్ పొడి కలిపి జీహెచ్‌ను (నీటి కాఠిన్యాన్ని) 6-8కి తేవాలి. ఉత్త ఆర్‌ఓతో తొట్టె నింపితే పెంకు సరిగా కట్టదు. ఉత్సాహం కొద్దీ సగం నీళ్లు ఒకేసారి మార్చారా, వేళకాని వేళ పెంకు విడవబోతాయి. మెడ చుట్టూ తెల్లటి ఉంగరం పడిందంటే ఆశ వదులుకోవచ్చు. వారానికి పదో వంతు, సన్నటి గొట్టంతో బొట్టుబొట్టుగా. మే నెలలో నీళ్ల మీదికి చిన్న ఫ్యాను తిప్పి, 30 డిగ్రీలు దాటకుండా చూడండి. ఆవిరైన మేరకు మాత్రం ఉత్త ఆర్‌ఓయే పోయాలి. ఎగిరిపోయింది నీళ్లే, లవణాలు తొట్టెలోనే ఉన్నాయి. ఆ గదిలో దోమల స్ప్రే కొట్టారో, వర్ణభేదం లేకుండా అందరూ పైకే.

ఎర్రవారింట ఉన్నట్టుండి నీలిమెరుపు మనిషి తేలితే "కొత్త రకం" అని ఫోటో పెట్టేయకండి. ఇరిడోవైరస్ అనే అంటురోగం కావచ్చు. వెంటనే వేరే తొట్టెలోకి. ఈ ఒక్క వెలి మాత్రం శాస్త్రసమ్మతం.

వచ్చే ఆదివారం ప్రకటన చూసుకోండి: "వధువు కావలెను. చిక్కని ఎరుపు, కాళ్లదాకా. జీహెచ్ 7, టీడీఎస్ 200, నల్ల ఇసుక, సొంత స్పాంజ్ ఫిల్టరు. వరుడి రంగు గురించి అడగరాదు. నీలం వారు సంప్రదించవద్దు."