ఆర్ అంటే రెగ్యులర్ కాదు

ఫిలిం డబ్బా మీది అక్షరాలన్నీ శ్రద్ధగా చదివి, అర్థం చేసుకోవలసిన ఒక్క అక్షరాన్ని మాత్రం అపార్థం చేసుకోవడం ఎలాగో తెలుసుకోగోరేవారు నన్ను నిస్సంకోచంగా సంప్రదించవచ్చు. ఈ విద్యను నేను మూడు వారాల కఠోర పరిశోధనతో సంపాదించాను. ఏ పరిశోధనా చేయకుండా కళ్ళు మూసుకొని ఏదో ఒక డబ్బా తీసుకున్నవాడికి ఇంత నల్లని ఫలితం దక్కేది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

మా మేనమామ అటక మీద నుంచి దించి నా చేతిలో పెట్టిన స్ప్రింగు సినిమా కెమెరా 8 మిల్లీమీటర్ల ఫిలింది. అంటే, ఏ కొలత ఫిలిం కొనాలన్న ప్రశ్నకు మామయ్య జవాబు ముందే ఇచ్చేశాడన్నమాట. అయినా పరిశోధకుడన్నవాడు సిద్ధంగా ఉన్న జవాబును అంత సులభంగా ఒప్పుకోకూడదు కనుక, 1922లో పాథే సంస్థ తెచ్చిన తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఫిలిం మొదలుకొని, కోడాక్ సంస్థ 1923లో తెచ్చిన 16, 1932లో తెచ్చిన 8 (డబుల్ 8 అనేది దీన్నే), 1965లో తెచ్చిన సూపర్ 8 దాకా అన్నింటి గుణదోషాలనూ విచారించి, మా కెమెరాలో పట్టేది డబుల్ 8 ఒక్కటేనన్న నిర్ణయానికి పదో రోజున వచ్చాను.

కొత్తవాడికి ఆ కొలతే మేలని కూడా నాకు తోచింది. సూపర్ 8 ఫిలిం 15 మీటర్లు ఒక ప్లాస్టిక్ పెట్టెలో బిగించి వస్తుంది. కడగాలంటే కటిక చీకట్లో పట్టకారుతో ఆ పెట్టెను పగలగొట్టి ఫిలింను బయటికి లాగాలి. డబుల్ 8 అయితే 16 మిల్లీమీటర్ల వెడల్పున ఏడున్నర మీటర్లు మాత్రమే చుట్టి ఉంటుంది. ఒక సగం మీద బొమ్మలు తీశాక చుట్టను తిప్పి పెట్టి రెండో సగం మీద తీస్తాం. కడిగి ఆరబెట్టాక నిలువునా చీల్చి, ముక్కలు రెండూ అతికిస్తాం. ఏడున్నర మీటర్లు చీకట్లో చిక్కుపడితే విప్పుకోవచ్చు. పదిహేను మీటర్లు చిక్కుపడితే విప్పేలోగా తెల్లవారుతుంది, తెల్లవారితే ఫిలిం పోతుంది.

ఇక మిగిలింది కడిగే పద్ధతి. నలుపు తెలుపు ఫిలింను రెండు విధాలుగా కడగవచ్చు. నెగటివ్‌గా అయితే బొమ్మను తేల్చే డెవలపర్, ఆ పనిని ఆపే స్టాప్, మిగిలిపోయిన మందును కరిగించే ఫిక్సర్ అని మూడు స్నానాలు, ఆపైన శుభ్రంగా నీళ్ళు, అంతటితో సరి. బొమ్మ తలకిందులుగా, అంటే తెల్లనిది నల్లగా వస్తుంది, దాన్ని కంప్యూటర్లో సరిచేసుకోవచ్చు. రివర్సల్‌గా అయితే తెరమీద నేరుగా వేసుకోగల బొమ్మే వస్తుంది గానీ, మధ్యలో పొటాషియం పర్మాంగనేటు, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన బ్లీచ్‌లో ముంచి, వెలుతురు చూపించి, మళ్ళీ డెవలప్ చేయాలి. ఈ రెండో విధానాన్ని నేను భోజనాల వేళ ఎంతో ఉత్సాహంగా వివరిస్తూ ఉండగా మా ఆవిడ చెయ్యి ఆగింది.

"ఆసిడ్ ఈ గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదండీ," అంది.

కాబట్టి నెగటివ్ అని నిశ్చయమైంది. ఇక్కడ బుద్ధిమంతుడెవడైనా నెగటివ్‌గా కడగడానికి అనువైన ఫిలిం కొంటాడు. ఓర్వో యూఎన్54 అనే ఫిలింను నెగటివ్‌గానూ కడగవచ్చు, రివర్సల్‌గానూ కడగవచ్చు. నాబోటి అయోమయస్థుల కోసమే పుట్టిన ఫిలిం అది. దాని పేరు నా పట్టికలో మూడో స్థానంలో ఉంది. మొదటి స్థానంలో ఉన్నది ఫోమాపాన్ ఆర్ 100. 100 అంటే దాని వేగమని, అంటే వెలుతురును పట్టే చురుకుదనమని తెలుసుకున్నాను. ఎండలో సైకిలు నేర్చుకునే మా అబ్బాయికి ఆ వేగం చాలు. ఇక ఆర్ ఒక్కటీ మిగిలింది. డబుల్ 8కి రెగ్యులర్ 8 అనే మరో పేరు కూడా ఉందని పదిరోజుల పరిశోధనలో తేలింది కదా! ఆర్ అంటే రెగ్యులర్. ఇంత అందంగా అతికిన తర్కాన్ని అనుమానించడానికి నాకు మనసొప్పలేదు. రెండు చుట్టలు కొన్నాను.

కడిగే రోజున స్నానాలగది తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి, కిటికీకి దుప్పటి కట్టి, డి-76 డెవలపర్‌ను 20 డిగ్రీలకు తెచ్చి బకెట్లో పోసుకొని దీపం ఆర్పాను. చీకట్లో చుట్ట విప్పుతూ ఉంటే ఫిలిం నా మోచేతి చుట్టూ, కుళాయి చుట్టూ, మగ్గు చుట్టూ తిరిగి, చివరికి దాని దయవల్ల బకెట్లో పడింది. చేతి తొడుగులతో దాన్ని కలియబెడుతూ నిమిషాలు లెక్కపెట్టే పని బయట ఉన్న మా ఆవిడకు అప్పగించాను.

"నాలుగు అయిందండీ," అంది తలుపవతల నుంచి.

"ఒరేయ్, లోపల ఏం చేస్తున్నావురా?" అన్నది నాన్న గొంతు.

"ఇంకో పావుగంట నాన్నా, తలుపు తియ్యకు."

"పావుగంటా! నేను ఆగాలా?"

అటు తరువాత మా ఆవిడ నిమిషాలు లెక్కపెట్టిందో, మామగారికి సర్దిచెప్పిందో నాకు తెలియదు. ఏడు తరువాత వినిపించిన అంకె పదకొండు.

ఫిక్సర్‌లో ఉంచవలసినంత సేపు ఉంచి దీపం వేశాను. బకెట్లో నల్లని తాడు ఉంది. ఒక చివర పట్టుకొని వెలుతురుకు ఎత్తితే ఇటు అంచు నుంచి అటు అంచు దాకా ఒకటే నలుపు. ఫిక్సర్ చాలలేదేమోనని మళ్ళీ ముంచాను. నలుపు తగ్గలేదు. కొత్త ఫిక్సర్ కలిపి మూడోసారి ముంచాను. అప్పటికి నాన్న పక్కింటికి వెళ్ళి వచ్చారు. చివరికి టార్చి లైటును ఫిలింకు ఆనించి, కంటిని అవతలి వైపు ఆనించి చూస్తే, అమావాస్య రాత్రి పొగమంచులో ఎవరో సైకిలు తొక్కుతున్నట్టు లీలగా కనిపించింది. చక్రం ఉంది, హ్యాండిల్ ఉంది, మా అబ్బాయి ఉన్నాడో లేడో చెప్పలేను.

డబ్బాలో మడిచిపెట్టిన కాగితాన్ని ఆ రాత్రి మా ఆవిడ చదివింది. "ఆర్ అంటే రివర్సల్ అటండీ," అంది. ఆ మాటలో వెటకారం ఏమీ లేదు. ఉంటే కొంత ఊరటగా ఉండేది.

జరిగిందేమిటంటే, ఈ ఫిలింలో మందుపూతకూ పారదర్శకమైన ఆధారానికీ మధ్య, కాంతి వెనక్కి తిరిగి బొమ్మను చెదరగొట్టకుండా పీల్చుకోవడానికి, అతి సన్నని వెండి రేణువుల నల్లని పొర ఒకటి ఉంటుంది. రివర్సల్‌లో బ్లీచ్ మొదట డెవలప్ అయిన వెండిని కరిగించేటప్పుడు ఆ పొరనూ కరిగించి తీసుకుపోతుంది. నెగటివ్ పద్ధతిలో బ్లీచే లేదు. ఫిక్సర్ కరిగించేది డెవలప్ కాని వెండి లవణాలనే. వెండిగా మారి కూర్చున్నదాని జోలికి అది పోదు. మూడుసార్లు కాదు, ముప్పైసార్లు ముంచినా ఆ పొర కదలదు. ఈ సంగతంతా నాన్నకు కాగితం మీద మూడు గీతలు గీసి వివరించాను. ఆయన ఓపికగా విని, "అయితే నల్లబడింది నీ ముఖం కాదు, పొర అంటావు," అన్నారు.

రెండో చుట్ట ఇంకా మిగిలి ఉంది. ఆమ్లం బదులు సోడియం బైసల్ఫేటు పొడితో కూడా పర్మాంగనేటు బ్లీచ్ చేసుకోవచ్చని తెలియగానే, మా ఆవిడ నిషేధించింది ఆసిడ్‌ను మాత్రమేనని, పొడి సంగతి ఆమె ఎత్తనే లేదని న్యాయవాదిలా వాదించి నెగ్గాను. ఈసారి ముందుగా మూరెడు ముక్క కత్తిరించి పరీక్షించాను. పర్మాంగనేటులో నానిన మందుపూత ఎంత మెత్తబడుతుందంటే, పరీక్ష ముక్క మీద నా గోటి గీత ఒకటి శాశ్వతంగా నిలిచిపోయింది. నా వేళ్ళ మీద గోధుమరంగు మరకలు మాత్రం మెటాబైసల్ఫైటు నీళ్ళలో పోయాయి.

ఆరిన ఫిలింను కిటికీ దగ్గర పట్టుకుంటే, ఒక సగమంతా మా అబ్బాయి, సైకిలు, ఎండ, మిలమిలలాడే చక్రపు చువ్వలు. ఆనందంతో ఇంటిల్లిపాదినీ పిలిచాను. రెండో సగం మాత్రం మొదటి నుంచి చివరి దాకా, సందేహానికి తావు లేకుండా, కాటుకలా నల్లగా ఉంది. రివర్సల్‌లో వెలుతురు తగలని భాగం నల్లగానే వస్తుంది. రెండు నిమిషాలు తీసి, చుట్టను తిప్పి పెట్టి రెండో సగం తీయాలన్న మాట మరిచిపోయి, నేరుగా బకెట్లో వేశాను.

నాన్న కళ్ళజోడు సర్దుకొని చాలాసేపు చూశారు.

"ఈసారి ఏ పొరరా?" అన్నారు.