ఓరియెంటేషన్‌కి సూటెందుకండీ!

అమెరికా యూనివర్సిటీలో కొత్తగా చేరేవాళ్లకి పెట్టే పరిచయ కార్యక్రమమే ఓరియెంటేషన్. దానికి "బిజినెస్ క్యాజువల్" (ఆఫీసుకు తగ్గ మామూలు బట్టలు) అని ఈమెయిల్‌లో రెండు మాటలు రాసి పడేస్తారు. అంతే, ఇక్కడ ఇంటిల్లిపాదీ సూటు కుట్టించడానికి పరుగు. 23 కిలోల పెట్టెలో కిలోన్నర దానికే పాయె! టెక్సస్‌లో ఆగస్టు ఎండ 38 డిగ్రీలు దాటుతుంది; హాల్లోకెళ్తే ఏసీకి పళ్లు టకటకలాడతాయి. కాటన్ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, చినోస్ ప్యాంటు, సంచిలో పల్చటి స్వెటర్ చాలు. అమ్మాయిలకు కుర్తీ, ప్యాంటు భేషుగ్గా సరిపోతాయి. అసలు తిప్పలు బూట్లతోనే. కొత్త లెదర్‌వి తొడిగి క్యాంపస్ అంతా తిరిగితే మడమలకు బొబ్బలే. వారం ముందు నుంచే మేజోళ్లతో వేసుకుని రోజూ ఇంట్లో గంటసేపు నడవాలి. ఐడీ కార్డు ఫొటోకి తెల్లచొక్కా వద్దు, వెనక తెల్లగోడలో కలిసిపోతుంది. ఇంతా చేసి వెళ్తే, పక్క కుర్చీలో కుర్రాడు నిక్కరేసుకుని కూర్చుంటాడు!